స్థలం రేటుకే ఇల్లు: కట్టుకోవాలా, కట్టింది కొనుక్కోవాలా?

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఒక పాత కాలనీకి ఆదివారం పూట ఇల్లు చూడటానికి వెళ్తే, గేటు దగ్గరే ఓనరు నోట ఒక మాట వినిపిస్తుంది: "ఇంటికి లెక్క కట్టట్లేదండీ, స్థలం రేటే చెప్తున్నా." పక్కనున్న బ్రోకరు వెంటనే అందుకుంటాడు: "అంటే ఇల్లు ఫ్రీ అనుకోండి సార్." ఈ మాట పూర్తిగా అబద్ధం కాదు, అలాగని నమ్మేసేదీ కాదు.

కట్టుకోవాలా, కొనాలా అనే చర్చ మామూలుగా గోడల చుట్టూ తిరుగుతుంది. కట్టుకుంటే గదులు మన ఇష్టం, కొంటే వాళ్ల ఇష్టం. కట్టుకుంటే ఏడాది టెన్షన్, కొంటే వచ్చే నెలకే పాలు పొంగించుకోవచ్చు. ఇవన్నీ నిజమే. అయితే పట్టణంలో సొంత ఇంటికి పెట్టే డబ్బులో చాలాసార్లు సగానికి పైగా నేలకే పోతుంది. ఏళ్లు గడిచేకొద్దీ నేల ధర పెరుగుతుంది, దాని మీది గోడల విలువ తరుగుతుంది. ఇరవై ఏళ్ల ఇంటిని స్థలం రేటుకే ఇస్తానని ఓనరు అంటున్నాడంటే ఆ తరుగుదలను అతనూ ఒప్పుకున్నట్టే. కాకపోతే స్థలం రేటునే కాస్త పెంచి చెప్పి, ఇంటి డబ్బు అందులో కలిపేస్తాడు. అందుకే పాత ఇల్లు చూడబోయే ముందు, ఆ వీధిలో ఖాళీ స్థలం గజం ఎంతకు పోయిందో వేరేగా కనుక్కోవాలి. ఆ అంకె తెలియకుండా వంటగది బాగుందా, మెట్లు ఎటున్నాయి అని చూసుకుంటూ కూర్చుంటే బేరం ఓనరు చేతిలోనే ఉంటుంది.

ఊళ్లో తాతల నాటి స్థలం ఉన్నవాళ్లకు ఈ మీమాంస లేదు, కట్టుకోవడమే. ఎప్పుడో వెంచర్లో కొని పడేసిన ప్లాటు చుట్టూ ఇప్పుడు మనుషులు వచ్చి చేరితే వాళ్లదీ అదే దారి. చిక్కంతా చేతిలో స్థలం లేనివాళ్లకే.

ఒక లెక్క, అందులో ఒక మోసం

30 అడుగుల ముఖం, 60 అడుగుల లోతు ఉన్న ప్లాటు. 1,800 చదరపు అడుగులు, అంటే 200 గజాలు. గజం 30 వేలు అనుకుంటే స్థలం 60 లక్షలు. స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ 7.5 శాతం అవుతుంది కాబట్టి ఇంకో నాలుగున్నర లక్షలు. దాని మీద 1,200 అడుగుల ఇల్లు, మెటీరియల్‌తో కలిపి అడుగు 2,200 చొప్పున 26 లక్షల 40 వేలు. కాంట్రాక్టరు చెప్పే రేటులో సాధారణంగా కలవనివి వేరే ఉంటాయి: బోరు, సంపు, ప్రహరీ, గేటు, సెప్టిక్ ట్యాంకు, ప్లాను ఫీజులు, కరెంటు మీటరు, కప్‌బోర్డులు. ఆరేడు లక్షలు ఎటు పోయాయో తెలియకుండా పోతాయి. కట్టే ఏడాది పాటు నెలకు 15 వేల అద్దె వేసుకుంటే లక్షా 80 వేలు. మొత్తం కోటికి కాస్త ఇటు.

అదే వీధిలో, అంతే స్థలంలో, ఇరవై ఏళ్ల ఇల్లు 80 లక్షలకు వచ్చిందనుకుందాం. రిజిస్ట్రేషన్‌కు 6 లక్షలు. చాలామంది గమనించని తేడా ఇక్కడ ఒకటుంది. ప్లాటు కొని కట్టుకునేవాళ్లు ఆ 7.5 శాతం నేల మీదే కడతారు. కట్టిన ఇల్లు కొనేవాళ్లు గోడల మీద కూడా కడతారు. వైరింగు, బాత్రూములు, పెయింటు కలిపి రిపేర్లకు 8 లక్షలు వేసుకుంటే 94 లక్షలు. బ్రోకరు రెండు చోట్లా ఉంటాడు కాబట్టి అతన్ని వదిలేద్దాం.

తేడా ఐదు లక్షల చిల్లర. ఇది చూస్తే కట్టుకోవడమే లాభం అనిపిస్తుంది, ఐదు లక్షలు ఎక్కువ పెడితే సరికొత్త ఇల్లు వస్తుంది కదా. మోసం "అదే వీధిలో" అన్న మాటలో ఉంది. నిండిపోయిన కాలనీలో ఖాళీ ప్లాటు దొరకడమే అరుదు. ఒకటీ అరా ఉంటే దాని మీద అన్నదమ్ముల కేసైనా ఉంటుంది, లేదా ఓనరు అమెరికాలో ఉండి ఎంతకీ తెగని రేటు చెప్తుంటాడు. కట్టుకోవాలని బయలుదేరినవాళ్లు చివరికి అదే డబ్బు పట్టుకుని పదిహేను ఇరవై కిలోమీటర్ల అవతలి వెంచర్‌కు చేరతారు. అప్పుడు పోల్చాల్సింది రెండు ఇళ్లను కాదు, రెండు చోట్లను. ఒకచోట ఇంటికి మంజీరా నీళ్లు, వీధి చివర మందుల షాపు, డ్రైనేజీ ఉన్నాయి. ఇంకోచోట వేసవిలో ట్యాంకరు, వర్షాకాలంలో బురద రోడ్డు, పిల్లలకు గంట స్కూలు బస్సు. ఐదారేళ్లలో ఆ వెంచర్ కూడా కాలనీ కావచ్చు, ఆ ఐదారేళ్లు మాత్రం అక్కడే గడపాలి.

కాబట్టి స్థలం లేక, ఉద్యోగం సిటీ మధ్యలో ఉన్నవాళ్లకు పాత ఇల్లే మెరుగైన బేరం. దానికి రెండు షరతులు: కాగితాలు సరిగా ఉండాలి, కాంక్రీటు గట్టిగా ఉండాలి. ఆ రెండూ తేల్చుకోవడం అనుకున్నంత తేలిక కాదు.

అంతకుముందు బ్యాంకు సంగతి. రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం 30 లక్షల లోపు హోమ్ లోన్ అయితే ఇంటి విలువలో 90 శాతం దాకా, 30 నుంచి 75 లక్షల లోన్ అయితే 80 శాతం దాకా, అంతకు మించితే 75 శాతం దాకా ఇవ్వొచ్చు. రిజిస్ట్రేషన్ ఖర్చు ఆ విలువలో కలవదు. పైన చెప్పిన 80 లక్షల ఇంటికి గరిష్ఠంగా 64 లక్షలు లోన్ వచ్చినా, మిగతా 16, రిజిస్ట్రేషన్ 6, రిపేర్లు 8 కలిపి 30 లక్షలు చేతిలో ఉండాలి. రిజిస్ట్రేషన్ తక్కువకు చేయించి మిగతాది క్యాష్‌గా ఇమ్మని ఓనరు అడిగితే ఇంకా ఇబ్బంది. బ్యాంకు కాగితం మీదున్న రేటునే చూస్తుంది కాబట్టి లోన్ తగ్గిపోతుంది. రేపు ఆ ఇల్లు అమ్మినప్పుడు కొన్న ధర తక్కువగా కనిపించి పన్ను పెరుగుతుంది. స్థిరాస్తి అమ్మకంలో 20 వేలు, అంతకు మించి క్యాష్ తీసుకుంటే తీసుకున్నవాళ్లకు అంతే మొత్తం పెనాల్టీ పడొచ్చన్న సంగతి ఓనర్లలో చాలామందికి తెలియదు. తెలిస్తే కొందరు అడగడం మానేస్తారు.

కట్టేచోట ఎవరు నిలబడతారు

కట్టుకునేవాళ్లకు బ్యాంకు డబ్బు విడతలుగా వస్తుంది. బేస్‌మెంట్, స్లాబు, గోడలు, ప్లాస్టరింగు, ఫినిషింగు అంటూ ఒక్కో దశ పూర్తయ్యాక ఇంజనీరు వచ్చి చూసి వెళ్తేనే తర్వాతి విడత. మేస్త్రి మాత్రం పని మొదలుపెట్టకముందే అడ్వాన్సు అడుగుతాడు. ఈ రెండింటి మధ్య ఖాళీని పూడ్చడానికే బంగారం కుదువకు వెళ్తుంది. సగంలో ఆగిన ఇళ్ల కథల్లో ఎక్కువ భాగం ఒకేలా ఉంటాయి: స్లాబు నాటికే కాంట్రాక్టరుకు ముప్పావు వంతు డబ్బు ముట్టింది, ఆ తర్వాత అతని మనుషులు ఇంకో సైటుకు వెళ్లిపోయారు. పని కంటే డబ్బు ముందు నడవకుండా అగ్రిమెంటులో దశలవారీగా రాసుకోవడం తప్ప దీనికి మందు లేదు.

చదరపు అడుగు లెక్కలోనూ కిటుకు ఉంది. ఓనరు గదుల కొలత అనుకుంటాడు, కాంట్రాక్టరు స్లాబు పరిచిన మేరా కొలుస్తాడు. బాల్కనీ, పోర్టికో, మెట్ల మీది హెడ్‌రూమ్ అన్నీ అందులోకి వస్తాయి. 1,200 అనుకున్నది 1,350 అవుతుంది. దేనిని కొలుస్తున్నామో ముగ్గు పోసిన రోజే తేల్చుకోవాలి. పన్ను సంగతి కూడా చూసుకోవాలి. ఒక్క కుటుంబం ఉండే ఇంటికి లేబర్ మాత్రమే కాంట్రాక్టుకు ఇస్తే జీఎస్టీ లేదు. మెటీరియల్‌తో కలిపి ఇస్తే, రిజిస్టరైన కాంట్రాక్టరు బిల్లులో 18 శాతం కనిపిస్తుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి సిమెంటు మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది కాబట్టి కట్టుకోవడానికి ఇదే మంచి సమయం అని రియల్టర్లు ప్రచారం చేశారు. 350 రూపాయలున్న బస్తా మీద పన్ను తేడా 27 రూపాయలు. ఈ సైజు ఇంటికి సుమారు 500 బస్తాలు పడతాయి. ఆదా అయ్యేది 13,500. గేటుకు కూడా సరిపోదు.

అసలు ఇంటి ఆయుష్షు తేలేది స్లాబు వేసే రోజున, ఆ తర్వాతి రెండు వారాల్లో. తెల్లవారుజామునే మిల్లరు వస్తుంది, కొబ్బరికాయ కొడతారు, సాయంత్రానికి స్లాబు నిండుతుంది. ఓనరు కూలీలకు బిర్యానీ తెప్పించే హడావుడిలో ఉంటాడు. చూడాల్సింది మాత్రం ఇనుము కింద ఉంది. సెంట్రింగ్ రేకు మీద ఇనప కడ్డీలు నేరుగా ఆనకుండా కింద చిన్న చిన్న కవర్ బ్లాకులు పెట్టాలి. స్లాబుకు 20 మిల్లీమీటర్లు, పిల్లర్లకు 40 మిల్లీమీటర్ల మందాన కాంక్రీటు కడ్డీని కప్పి ఉండాలన్నది భారతీయ ప్రమాణం ఐఎస్ 456 చెప్పే మాట. పది పైసల వస్తువు అని కవర్ బ్లాకుల్ని వదిలేసి కంకర రాళ్లు పెట్టే మేస్త్రులు ఉన్నారు, అవీ పెట్టనివాళ్లూ ఉన్నారు. కాంక్రీటు పోస్తూ నీళ్లు ఎక్కువ కలిపితే పని సులువుగా సాగుతుంది, బలం తగ్గుతుంది. మర్నాటి నుంచి స్లాబు మీద మడులు కట్టి నీళ్లు నిలపాలి. మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, ఇళ్లకు ఎక్కువగా వాడే, బూడిద కలిసిన పీపీసీ సిమెంటుకు కనీసం 10 రోజులు, వీలైతే రెండు వారాలు. మే నెల ఎండలో మధ్యాహ్నానికే మడి ఆరిపోతుంది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పిల్లర్ల గోనెపట్టాలు తడిపే మనిషి ఎవరన్నదే ఇక్కడి ప్రశ్న. రిటైరైన తండ్రి ఆ వీధిలోనే ఉంటే సగం టెన్షన్ తగ్గినట్టే. డాలస్‌లో కూర్చుని వీడియో కాల్‌లో చూసేవాళ్లకు తడిసిన గోనెపట్టా కనిపిస్తుంది కానీ అది కాల్ ముందు తడిపారా, రోజూ తడుపుతున్నారా అన్నది తెలియదు. సైటు దగ్గర నిలబడే మనిషి లేని ఇంటికి ఎంత ఖరీదైన టైల్సు వేసినా లాభం లేదు. అలాంటివాళ్లు కొనుక్కోవడమే మంచిది.

నేలను బట్టి కూడా లెక్క మారుతుంది. గుంటూరు, కర్నూలు వైపు నల్లరేగడిలో మామూలు ఫుటింగు వేసి ఊరుకుంటే వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకుపోయే ఆ మట్టి గోడల్ని చీలుస్తుంది. పునాది లోతు, రకం ఇంజనీరు చూసి చెప్పాల్సిందే, ఆ ఖర్చు అడుగు రేటులో ఉండదు. హైదరాబాద్‌లో అందుకు భిన్నంగా, నాలుగడుగులు తవ్వగానే బండ తగులుతుంది. పునాదికి మేలు, సంపు తవ్వేవాళ్లకు నరకం.

పాత ఇంట్లో ఏం చూడాలి

పాత ఇల్లు చూడటానికి మంచి రోజు పంచాంగంలో కాదు, వాతావరణ సూచనలో వెతకాలి. రెండు రోజులు వాన పడ్డాక వెళ్లాలి. కొత్త పెయింటు వేసిన హాల్లో ఓనరు కూర్చోబెడతాడు, కానీ లేచి బయటికొచ్చి సన్‌షేడ్ల అడుగు భాగం చూడాలి. కవర్ బ్లాకు పెట్టని మేస్త్రి పని ఇరవై ఏళ్ల తర్వాత బయటపడేది అక్కడే. సన్‌షేడు పలచగా ఉంటుంది, వానకు తడుస్తుంది, ముందు అక్కడి కడ్డీ తుప్పు పట్టి ఉబ్బి పెచ్చులూడిపోతుంది. సన్‌షేడుతోనే ఆగితే రిపేరు. అదే పెచ్చులు స్లాబు అడుగున, బీముల దగ్గర, పిల్లరు మూలల్లో నిలువు చీలికలుగా కనిపిస్తే ఆ ఇంటికి ఓనరు చెప్పినట్టు నిజంగానే లెక్క కట్టకూడదు, పడగొట్టే ఖర్చు కూడా బేరంలో తగ్గించుకోవాలి. విశాఖలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఇళ్లలో ఉప్పుగాలికి ఇది ఇంకా ముందే మొదలవుతుంది.

ఆ తర్వాత పై అంతస్తు బాత్రూము కింద గది సీలింగు. కొత్తగా ఫాల్స్ సీలింగు వేశారంటే అందం కోసమేనా అని అడగాలి, వీలైతే ఒక లైటు ఊడదీసి లోపలికి చూడాలి. గోడ కింద రెండడుగుల మేర పుట్టీ ఉబ్బి ఉంటే నేలలోంచి చెమ్మ ఎక్కుతున్నట్టు. ఐదారు వేలు తీసుకుని వచ్చే సివిల్ ఇంజనీరును వెంట తీసుకెళ్లడానికి చాలామంది వెనకాడతారు, అదే ఇంటికి వాస్తు పండితుడిని మాత్రం తప్పకుండా తీసుకెళ్తారు. వాస్తు మీద నమ్మకం లేనివాళ్లు కూడా దాన్ని ధరలో లెక్కేయాలి. దక్షిణ ముఖం, వీధిపోటు ఉన్న ఇల్లు కొనేటప్పుడు తక్కువకు వస్తుంది, అమ్మేటప్పుడూ తక్కువకే పోతుంది.

కాగితాల్లో అందరూ ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్ల చిట్టా చూస్తారు. రెండు రాష్ట్రాల్లోనూ 1983 నుంచి ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ కింద అమ్మకం నిషేధించిన భూముల జాబితాలో సర్వే నంబరు ఉందేమో కూడా చూస్తారు. ఈసీలో కనిపించనిది కుటుంబం. ఇల్లు కట్టిన తండ్రి వీలునామా రాయకుండా పోయాడు, ఇద్దరు కొడుకులు కలిసి అమ్ముతున్నారు. పెళ్లై రాజమండ్రిలో స్థిరపడిన కూతురి సంగతి బేరంలో ఎక్కడా రాదు. "చెల్లికి పెళ్లప్పుడే ఇచ్చేశామండీ" అంటారు. హిందూ కుటుంబాల్లో తండ్రి స్వార్జితంలో భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు సమాన వాటా 1956 నుంచే ఉంది. పిత్రార్జితంలో పెళ్లికాని కూతుళ్లకు హక్కు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సవరణతో 1985 సెప్టెంబరు 5 నుంచి వచ్చింది, 2005లో కేంద్ర సవరణతో కూతుళ్లందరికీ వచ్చింది. 2005 నాటికి తండ్రి బతికి ఉన్నాడా లేదా అన్నదానితో పనిలేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి ఆమె సంతకం లేని సేల్ డీడ్ మీద ఎన్నేళ్ల తర్వాతైనా నోటీసు రావచ్చు. బయానా ఇచ్చే ముందే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ అడిగి, అందులోని పేర్లన్నీ సేల్ డీడ్‌లో ఉంటాయా అని చూసుకోవడం ఒక్క పూట పని. వారసుల్లో మైనర్ ఉంటే కోర్టు అనుమతి కూడా కావాలి. జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) మీద చేతులు మారిన ఇల్లయితే ఇంకో జాగ్రత్త. జీపీఏతో యాజమాన్యం బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లోనే స్పష్టం చేసింది.

మూడోది ప్లాను. జీ ప్లస్ వన్‌కు అనుమతి తీసుకుని జీ ప్లస్ టూ కట్టిన ఇళ్లు ప్రతి వీధిలోనూ ఉన్నాయి. ఆ పై అంతస్తు అద్దె చూపించి ఓనరు ధర పెంచుతాడు, బ్యాంకు మాత్రం దానికి విలువ కట్టదు. 2024 జులైలో చెరువుల ఆక్రమణలు కూల్చే ప్రభుత్వ సంస్థ హైడ్రా ఏర్పాటయ్యాక హైదరాబాద్‌లో చెరువు ఎఫ్‌టీఎల్ గీత (చెరువు నిండినప్పుడు నీళ్లు వచ్చే హద్దు) ఎక్కడుందో చూడకుండా ఇల్లు కొనేవాళ్లు తగ్గారు. ఇది మంచి మార్పే. ఇంటి పన్ను రశీదు, కరెంటు బిల్లు, నల్లా కనెక్షన్ ఉన్నంత మాత్రాన స్థలం చెరువుది కాదని రుజువు కాదన్న సంగతి ఆ కూల్చివేతలు చూశాక చాలామందికి తెలిసింది.

ఫ్లాట్ల మాట క్లుప్తంగా. పాత ఫ్లాటులో నేల వాటా, అంటే యూడీఎస్, ఎన్ని గజాలో చూడాలి. ఎక్కువ అంతస్తుల్లో ఇది పాతిక ముప్పై గజాలే ఉంటుంది, నేల పెరిగినా ఆ మేరకే కలిసొస్తుంది. ఓసీ (ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) వచ్చిన ఫ్లాటుకు, పాత ఫ్లాటుకు జీఎస్టీ ఉండదు. కడుతుండగా కొంటే మామూలుగా 5 శాతం. 500 చదరపు మీటర్ల కంటే పెద్ద స్థలంలో గానీ ఎనిమిదికి మించిన ఫ్లాట్లతో గానీ కట్టే ప్రాజెక్టు రెరాలో, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థలో నమోదు కాకుండా అమ్మకూడదు. ప్రీలాంచ్ అంటూ అంతకుముందే డబ్బు అడిగితే అది ఎంత చవకైనా వదిలేయడమే.

పడగొట్టి కడదాం అనుకునేవాళ్లకు

మధ్యేమార్గంగా చాలామందికి తట్టే ఆలోచన, పాత ఇంటిని స్థలం కోసం కొని పడగొట్టి కట్టుకోవడం. చోటూ మంచిది, ఇల్లూ కొత్తది. పాత టేకు ద్వారబంధాలు, కిటికీలు, ఇనుము తీసుకుని పడగొట్టే ఖర్చు తగ్గించే కాంట్రాక్టర్లు ఉంటారు. గోదావరి జిల్లాల పాత ఇళ్లలో ఆ టేకుకే మంచి ధర పలుకుతుంది, దాన్ని బేరంలో వదులుకోకూడదు.

అసలు ఖర్చు కొత్త ప్లాను కోసం మున్సిపాలిటీకి వెళ్లినప్పుడు తెలుస్తుంది. పాత ఇల్లు ఆనాటి నిబంధనలకు కట్టింది. కొత్తది ఇప్పటి సెట్‌బ్యాకులు, అంటే ఇంటి చుట్టూ ఖాళీ జాగా వదలాలి. దానికి తోడు, ఇంటి ముందు రోడ్డు 30 అడుగుల కంటే తక్కువ ఉంటే, రోడ్డు మధ్య నుంచి 15 అడుగులు వచ్చేలా స్థలం వదలమంటారు. 20 అడుగుల వీధిలో అది ఐదడుగులు. 30 అడుగుల ముఖం ఉన్న మన ప్లాటులో 150 చదరపు అడుగులు, దాదాపు 17 గజాలు రోడ్డులో కలిసిపోతాయి. గజం 30 వేల లెక్కన ఐదు లక్షలు. పాత ఇల్లు కొంటే మిగులుతుందనుకున్న తేడా దాదాపు అంతే. పాత కాలనీల ఇరుకు వీధుల్లో బయటి గోడ ముట్టుకోకుండా, లోపల మాత్రం గదులు కలిపేసి, టైల్సు మార్చేసి ఉంటున్న ఇళ్లు అన్ని కనిపించడానికి కారణం ఈ పదిహేడు గజాలే.